పగటి చుక్క

రామగుండం దాటినప్పటి నుంచీ కొండల్‌రావు ఒక్క మాట కోసం వెతుక్కుంటున్నాడు. సత్తార్ మంచం పక్కన కూర్చోగానే నోట్లోంచి రావలసిన మొదటి మాట. అయింది అనాలా, కాలేదు అనాలా, ఇక ఎప్పటికీ కాదు అనాలా. మూడూ నాలుక మీద పెట్టుకుని చూశాడు, మూడూ ఎండిన నాలుకకు అంటుకుపోయాయి. ప్యాసింజరు బండి గోదావరి వంతెన మీద కాళ్లీడ్చుకుంటూ పోతోంది, కింద నది లేదు, ఇసుక ఉంది, ఇసుక నడుమ ఆరేసిన పంచె అంచులా సన్నటి నీటి పాయ ఉంది. కిటికీ చువ్వ ముట్టుకుంటే చురుక్కుమంది. మిట్టమధ్యాహ్నం, రోహిణి కార్తె, రోళ్లు పగిలే ఎండ. కార్తెలన్నీ అతని బాపుకు నోటికి వచ్చేవి, ఏ కార్తెలో ఏ గింజ వేయాలో, ఏ కార్తెలో ముసలి ఎద్దు రంకె వేస్తుందో. కానీ రోహిణి కార్తె అంటే సూర్యుడు రోహిణి దగ్గరికి వచ్చి కూర్చోవడమని, ఈ పక్షం రోజులూ రోహిణీ దాని చుట్టుపక్కల చుక్కలూ సూర్యుడితోనే పొడిచి సూర్యుడితోనే కుంకుతాయని, భూమ్మీద ఏ మనిషికీ కనపడవని బాపు ఎన్నడూ ఆలోచించి ఉండడు. ఆలోచించాల్సిన పని ఆయనకేముంది. ఆ చుక్కల్లో ఒకటి సత్తార్‌ది, తనది. ఇప్పుడు ఈ కిటికీలోంచి తల బయట పెట్టి నెత్తి మీదికి చూస్తే సూర్యుడు, సూర్యుడి పక్కన బెత్తెడు దూరంలో అది. ఇరవై రెండేళ్లుగా వాళ్లిద్దరూ ఏ ఘడియ కోసం కాచుకున్నారో ఆ ఘడియ ఈ దినాల్లోనే, ఈ వెలుతురు వెనకాలే, జరిగిపోతోంది.

చుక్క ఒక్కటి కాదు, రెండు. ఒకటి కనపడుతుంది, రెండోది కనపడదు. సత్తార్ కొత్త పెళ్లికొడుకుగా ఉన్నప్పుడు భార్య షకీలా అడిగింది, కనపడనిది ఉన్నదని మీకెట్ల తెలుసు అని, తలుపు చాటునుంచి, నవ్వు ఆపుకుంటూ. సత్తార్ దండెం తాడు ఒక కొస పట్టుకుని, "అటుదిక్కు ఎవరున్నరో నాకు కనపడదనుకో. తాడు గుంజుకపోతుంటె నాకు తెల్వదా, అటు పట్టుకున్నోడు ఉన్నడని?" అన్నాడు. అంతే. కనపడే చుక్క కొన్నాళ్లు మనవైపు జరుగుతుంది, కొన్నాళ్లు మననుంచి దూరంగా జరుగుతుంది, దాని వెలుతురును పట్టకంతో విడదీసి ఫోటో ప్లేటు మీద పట్టుకుంటే అందులోని నల్లగీతలు ఒకసారి నీలం వైపు, ఒకసారి ఎరుపు వైపు వెంట్రుకవాసి కదులుతాయి, ఆ వెంట్రుకవాసిని కొలిస్తే వేగం, ఆ వేగాలన్నీ తారీఖుల వెంట చుక్కలు పెట్టుకుంటూ పోతే ఒక వంకర గీత, ఆ గీత నుంచి కక్ష్య. కక్ష్య తెలిస్తే కనపడనిదాని బరువు ఎంతకు తక్కువ ఉండదో చెప్పొచ్చు. మనిషికి దొరికేదల్లా వేగం ఒక్కటే, మిగతాదంతా కాగితం మీద కట్టుకోవాలి. వాళ్ల చుక్క గీత ఏళ్లకేళ్లు బల్లపరుపుగా పోయేది, దుక్కి దున్నని చెల్క లాగ. ఆ చెల్క నడుమ ఎక్కడో ఒక గుట్ట ఉండాలి. రెండు చుక్కలూ ఒకదాన్నొకటి రాసుకున్నంత దగ్గరికి వచ్చినప్పుడు వేగం ఒక్కసారిగా ఎగిసి, కొన్నిదినాల్లోనే పడిపోతుంది. ఆ గుట్ట ఎంత ఎత్తో తెలిస్తేనే కక్ష్య ఎంత సాగిందో తెలుస్తుంది, అది తెలిస్తేనే అవతలిదాని బరువు. గుట్ట అనే పేరు పెట్టింది సత్తారే. గుట్ట దొరకని గీత ఎంత పొడుగున్నా దేనికీ పనికిరాదు.

అరవై తొమ్మిది ఉద్యమంలో యూనివర్సిటీ మూతబడింది. క్లాసుల్లేవు, పరీక్షల్లేవు, రోడ్ల మీద రాళ్లూ పొగా, హాస్టల్లో ఉంటే లాఠీలు, ఊరికి పోతే బాపు పెళ్లి సంబంధాలు. వాళ్లిద్దరూ పట్నం అవతల అబ్జర్వేటరీలో పడ్డారు, ఎక్కడా చోటు లేక. కరీంనగర్ జిల్లా దొరలింటి పిల్లగాడు ఒకడు, కాగజ్‌నగర్‌లో సైకిలు దుకాణంవాళ్ల సత్తార్ ఒకడు, ఒకే గిన్నెలో చేతులు పెట్టి మామిడికాయ తొక్కుతో చల్లారిన జొన్నరొట్టె తిన్నారు. సత్తార్‌కు కళ్లు, తనకు లెక్కలు. సత్తార్ భూతద్దానికి కన్ను ఆనించి మర తిప్పుతూ నల్లగీత నడిమధ్యకు వచ్చేదాకా ఊపిరి బిగబట్టేవాడు, వదిలి అంకె చెప్పేవాడు, తను లెక్కల చేతిమిషను పిడి గరగరా తిప్పేవాడు. ఎంత గొంతు అది. గది అవతలికి వినపడేది, అజాన్ ఇచ్చినట్టు. డెబ్భై ఒకటి వేసవి ముందర ఒక ప్లేటు కొలిచి సత్తార్ అంకె చెప్పలేదు, మళ్లీ కొలిచాడు, మూడోసారి కొలిచాడు. కొండల్, ఇది లేస్తుంది, అన్నాడు. లేచింది, రెండు మూడు ప్లేట్లు లేచింది, తర్వాత చుక్క సాయంత్రపు వెలుతురులో మునిగిపోయింది. వానాకాలం పోయి మళ్లీ మబ్బు విడిచి చూసేసరికి గీత మళ్లీ చెల్క. గుట్ట ఎక్కడం కనపడింది, దిగిపోవడం అయిపోయింది, నడిమధ్యది లేదు. అప్పుడెంత సంతోషపడ్డారో, పిచ్చోళ్లు, గుట్ట ఉన్నదని తెలిసినందుకే.

మందమర్రిలో బండి ఆగింది. బొగ్గుదుమ్ము పట్టిన వేపచెట్లు, నీళ్ల నల్లా దగ్గర బిందెల కొట్లాట. మంచిర్యాలలో ఎక్కిన ముసలామె, పేరు గంగుబాయి అని అప్పటికే పెట్టెలో అందరికీ చెప్పింది, ముంజల గంప మీద తడిగుడ్డ సర్దుతూ అడిగింది, "ఎందాక సారూ?"

"కాగజ్‌నగర్."

"సుట్టాలా?"

"దోస్తు. పానం బాగలేదు. గొంతుల పుండు లేచింది."

గంగుబాయి బయటి గనుల వైపు చూస్తూ చెప్పింది. "మా ఆయన గనిలనే పోయిండు సారూ. కప్పు కూలింది. తీస్తున్నం, పానంతోనే ఉన్నడు, వస్తడు అని చెప్పుకుంట వచ్చిండ్రు. వస్తడన్నన్ని దినాలు నేను అన్నం వండిన. గా దినాలే మంచిగుండె."

వస్తడన్నన్ని దినాలు. కొండల్‌రావు ఆ మాట పట్టుకున్నాడు. పొద్దున బయలుదేరేటప్పుడు సరళాదేవి కూడా, చెంబుతో నీళ్లిస్తూ, అదే కదా అంది. చచ్చెటోనికి నిజం ఎందుకండి, మంచిమాట ఒకటి చెప్పి రాండ్రి. భార్యకు కక్ష్యల సంగతి తెలియదు, కానీ పోయేవాడి ముందు కూర్చోవడం తెలుసు, అత్తకూ మామకూ ఆవిడే చేసింది. తనకు ఏం తెలుసు. పాతికేళ్లు కాలేజీ పిల్లలకు వృత్తాలూ దీర్ఘవృత్తాలూ చెప్పాడు, వాళ్లు తనకు చుక్కల సారు అని పేరు పెట్టారు, తోటి లెక్చరర్లు ఇంకో అడుగు వేసి పట్టపగలు చుక్కలు లెక్కబెట్టే సారు అన్నారు. వాళ్లకు తెలియకుండా నిజమే అన్నారు. కాదు, పాతికేళ్లు కాదు, డెబ్భై ఎనిమిది నుంచి. ఆ యేడు ఊళ్లో రైతుకూలీ సంఘం లేచింది, పాలేర్లు పని బంద్ పెట్టారు, బాపు గడికి తాళం వేసి కరీంనగర్‌కు వచ్చి కిరాయింట్లో కూర్చున్నాడు, కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండిపోయాడు, తను పరిశోధన మానుకుని కొలువు పట్టాడు. సరిగ్గా ఆ వేసవి ముందరే గుట్ట మళ్లీ లేచింది. సత్తార్ ఒక్కడే దూరదర్శిని దగ్గర. పడమట చుక్క దిగిపోతుంటే, గొట్టం దాదాపు నేలబారుకు వంచి, దుమ్ములోంచి, పొగలోంచి, ఆఖరు ప్లేటు పట్టాడు, ఆ తర్వాత ఇంటికి పోకుండా నేరుగా కరీంనగర్ వచ్చి కిరాయింటి గడప మీద కూలబడ్డాడు. "మునిగింది కొండల్. ఎక్కుతుంటెనే మునిగింది. ఫికర్ లేదు, ఏడేండ్లకు మళ్ల వస్తది. అప్పటికి జర అటో ఇటో జరుగుతది, చలికాలంల పడుతది, చూడు." బాపు లోపలినుంచి, ఎవరు మునిగిండ్రురా, అని అడిగాడు.

జరగలేదు. ఎనభై అయిదులో మళ్లీ అదే రోహిణి కార్తె. అప్పుడే కొండల్‌రావుకు ఒక అనుమానం పడింది, దాన్ని సత్తార్‌కు చెప్పలేదు, తనకే సరిగ్గా చెప్పుకోలేదు. ఇంకొక్కసారి లేవనీ, అప్పుడు ఖాయంగా తెలుస్తుంది అనుకున్నాడు. ఆ ఇంకొక్కసారి ఈ యేడు. సత్తార్ మంచం పట్టాక అతని కుర్చీలో కూర్చున్న హనుమండ్లు తీసిన ప్లేట్ల అంకెలు పోయినవారం వచ్చాయి, కొండల్‌రావు వరండాలో పంకా కింద కూర్చుని నాలుగుసార్ల ఎక్కుడునూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూశాడు. అచ్చు గుద్దినట్టు కూర్చున్నాయి. ఏడేళ్లకు రెండు దినాలు తక్కువ. ఏడేళ్లకొకసారి వస్తుంది, వచ్చిన ప్రతిసారీ రెండు దినాలే వెనక్కి జరుగుతుంది, జరిగి జరిగి సూర్యుడి వెలుతురులోంచి బయటపడి ఎవడో ఒకడి కంట్లో పడాలంటే నూట యాభై ఏళ్లు. నూట యాభై. కలం కింద పెట్టాడు. అక్కడ మబ్బు లేదు, సమ్మె లేదు, బాపు లేడు, ఎవరి తప్పూ లేదు. తిట్టడానికి ఒక్కడు దొరికినా బాగుండేది. రాత్రికి పొడిచే చుక్కలు అన్ని ఉండగా, వాళ్లు ఏరుకున్న ఒక్కటీ, అసలు సంగతంతా పట్టపగలు చేసుకునేది. ఆ పూట సరళాదేవి పెట్టిన అన్నం పళ్లెంలోనే ఎండింది. అప్పటి నుంచి రోడ్డు మీద నడుస్తున్నా, స్నానం చేస్తున్నా, ఒకటే తోస్తోంది, మనిషి బతుకులో ముఖ్యమైనదేదో మనిషి చూడలేని వేళలోనే జరిగేటట్టు ఎవరో ముందే లెక్క కట్టారని. అంత పెద్దమాట అనుకోవడానికి సిగ్గు కూడా వేసింది. ఒక చుక్క కనపడకపోతే ఏమవుతుంది. ఏమీ కాదు. అదే, ఏమీ కాదు. సత్తార్ రెండు కళ్లూ, తన సగం బతుకూ అందులో పోశారు, పోసినా ఏమీ కాదు.

బెల్లంపల్లిలో గంగుబాయి దిగిపోయింది. బండి అవుటరు దగ్గర ఊరికే నిలబడింది, మళ్లీ కదిలింది, ఆసిఫాబాద్ రోడ్డు, టేకుచెట్లు ఆకులు రాల్చుకుని మోళ్లుగా, ఎర్రటి దుమ్ము, పెట్టెలో ఎవరో మరాఠీలో పిల్లను జోకొడుతున్నారు. అయింది అంటాను, అనుకున్నాడు కొండల్‌రావు. గుట్ట దొరికింది అంటాను. వాడు కళ్లు మూసుకుంటాడు. కళ్లు మూసుకోవడానికి ఒక మనిషికి ఆమాత్రం ఇవ్వొద్దా. అంకె కూడా సిద్ధం చేసుకున్నాడు, వేగం ఎంతకు ఎగిసిందో, నమ్మదగ్గ అంకె, ఏ పుస్తకంలో పెట్టినా నిలబడే అంకె. కొలవని అంకెను అంత శ్రద్ధగా కట్టడం అతనికి బతుకులో అదే మొదటిసారి.

కాగజ్‌నగర్ స్టేషను బయటికి రాగానే కాగితం మిల్లు వాసన ముక్కుకు తగిలింది. సందులో సత్తార్ ఇంటి గుమ్మానికి తడిపిన గోనెపట్టా వేలాడుతోంది. షకీలా పట్టా ఎత్తి పట్టుకుంది. జుట్టు నెరిసింది. "రాండ్రి భాయిసాబ్. పొద్దుగాలటి సంది అడుగుతుండు, కొండల్ వచ్చిండా, బండి వచ్చిందా అని. ఎక్కువ మాట్లాడనియ్యకుండ్రి, నొప్పి లేస్తది." లోపల చీకటిగా, చల్లగా ఉంది. మంచం మీద సత్తార్ ఉన్నాడనడానికి దుప్పటి కొంచెం ఎత్తుగా ఉంది, అంతే. కళ్లు మాత్రం అవే. ఆ కళ్లు కొండల్‌రావు ముఖం మీద ఆగి, సన్నగా చిట్లించుకుని, మర తిప్పుతున్నట్టే చూశాయి. వచ్చినవా, అన్నాడు. గొంతు లేదు, గాలి మాత్రం వచ్చింది. కొండల్‌రావు చెవి దగ్గరికి వంగాల్సి వచ్చింది.

"ఏమాయె? లేచిందా?"

"లేచింది సత్తార్. ఈసారి దొరికింది. గుట్ట మొత్తం దొరికింది."

సత్తార్ కాసేపు ఊపిరి తీయలేదు. షకీలా భయపడి అడుగు ముందుకు వేసింది. తర్వాత ఆ గాలి మళ్లీ వచ్చింది. "రోహిణి కార్తెల ఎట్ల దొరుకుతది?"

ఈ ప్రశ్నకు కొండల్‌రావు దారిలోనే జవాబు కట్టుకున్నాడు. "కార్తెల కాదు. ముందే వచ్చింది, మార్చిల. ఇంకో చుక్క ఉన్నట్టుంది, మూడోది, అది గుంజింది. మన లెక్కల అది లేకుండె." నిలబడే అబద్ధం. అంకె కూడా చెప్పాడు. సత్తార్ పెదాలు ఆ అంకెను తిరిగి పలికాయి, ఒకసారి, రెండుసార్లు. గంగుబాయి వండిన అన్నం కొండల్‌రావుకు కళ్లముందు ఆవిరి కక్కుతూ కనపడింది. ఇప్పుడు కళ్లు మూసుకుంటాడు, అనుకున్నాడు.

సత్తార్ కళ్లు మూసుకోలేదు. "ప్లేట్లు ఎవలు తీసిండ్రు?"

దీనికి జవాబు కట్టుకోలేదు. ఇంత చిన్న ప్రశ్న వస్తుందని ఎందుకు తోచలేదో, ఇరవై రెండేళ్లు ప్లేట్లు తీసినవాడు మొదట అడిగేది అదే కదా. "హనుమండ్లు" అన్నాడు, ఇంకో పేరు లేదు కాబట్టి.

"హనుమండ్లు." సత్తార్ ముఖంలో ఏదో నెమ్మదిగా కుంగింది, బాయి గడ్డ లోపలికి జారినట్టు. "వానికి ఫోకసు వెట్టుడు సుత రాదు. నేనే నేర్పిన." చాలాసేపు పైకప్పు పెంకుల సందులోంచి పడుతున్న వెలుతురు చుక్కను చూశాడు. "నేను ఇన్నేండ్లు కూసుంటె రాలే. మంచంల వడ్డంక వచ్చింది. ఒక్క యేడు. ఒక్క యేడు నిలవడలేకపోతి, కొండల్." కళ్ల కొసల నుంచి నీళ్లు చెవుల్లోకి జారాయి, తుడుచుకోవడానికి చేయి లేవలేదు. షకీలా కొంగుతో తుడిచి, కొండల్‌రావు వైపు చూసింది. ఏం చెప్పిండ్రు ఈయనకు, అన్నట్టు.

అప్పుడు కొండల్‌రావుకు అర్థమైంది, చాలా ఆలస్యంగా. నిజంలో ఈ మనిషికి కావలసింది ఉండింది. ఎవరూ చూడలేదు, ఎవరూ చూడలేరు, లోకంలో ఎంత పెద్ద దూరదర్శిని ఉన్నవాడికైనా అది దొరకదు, నువ్వు చేయగలిగినదానికి మించి మనిషన్నవాడు చేయలేడు, అనే మాట. వారం రోజులుగా తనను తినేసిన ఆ మాటే సత్తార్‌కు నీళ్లచుక్క అయ్యేది. తనకు చేదుగా ఉందని అతణ్ని తాగనివ్వలేదు. మంచం పట్టె పట్టుకుని మరింత వంగాడు. "సత్తార్, విను. అబద్ధం చెప్పిన. రాలే. మార్చిల ఏం రాలే. మూడో చుక్క లేదు. హనుమండ్లుకు దొరకలే, ఎవనికీ దొరకలే. ఏడేండ్లకు రెండు దినాలే తక్కువ, ఎప్పుడొచ్చినా సూర్యుని పక్కనే. ఇంకో నూట యాభై ఏండ్లు ఎవ్వనికీ కనపడదు. ఇప్పుడు, గీ నిమిషం, మన నెత్తిమీదనే ఉన్నది. నీ ఒట్టు. అవ్వ తోడు."

సత్తార్ ఈసారి అతణ్ని చాలా ప్రేమగా చూశాడు. పొడి పెదాలు కొంచెం విచ్చుకున్నాయి. దుప్పటి కింది నుంచి చేయి పాకి వచ్చి కొండల్‌రావు వేళ్లను అందుకుంది.

"నా దిల్ ఖుష్ చేయనీకి చెప్తున్నవ్."

"కాదు భై. లెక్కలు తెచ్చిన, చూపిస్త, సంచిలనే ఉన్నయి—"

"లెక్క నువ్వు ఎట్ల కావాల్నంటె అట్ల కడుతవు. నాకెర్కనే." ఊపిరి అందక ఆగాడు. షకీలా నీళ్లలో ముంచిన గుడ్డ పెదాలకు ఆనించింది. కొండల్‌రావు సంచీలోంచి కాగితాలు తీశాడు, తొందరలో రెండు కింద పడ్డాయి, మిగిలినవి సత్తార్ కళ్లముందు పట్టుకున్నాడు, ఒకదాని మీద ఒకటి కూర్చున్న నాలుగు ఎక్కుళ్లు, నాలుగూ మధ్యలో తెగిపోయి. సత్తార్ చూపు వాటి మీదికి వచ్చి, మసకబారి, దాటిపోయింది. ఆ చీకట్లో ఆ కళ్లకు ఆ గీతలు కనపడ్డాయో లేదో ఎన్నటికీ తెలియదు. మళ్లీ చెప్పాడు, ఇంకోరకంగా చెప్పాడు, గట్టిగా కూడా చెప్పాడు, చెప్పేకొద్దీ ఆ మాటల్లో నిజం తగ్గిపోతున్నట్టు తనకే వినపడింది, బతిమాలుతున్నవాడి గొంతు ఎప్పుడూ అబద్ధంలాగే ఉంటుంది. సత్తార్ వేళ్లు అతని వేళ్లను నిమురుతూనే ఉన్నాయి, ఏడ్చే పిల్లవాణ్ని ఊకోబెడుతున్నట్టు.

"పేపరు రాస్తవు గదా" అన్నాడు చివరికి.

కొండల్‌రావు కింద పడ్డ కాగితాల వైపు చూశాడు.

"మనసుల పెట్టుకోకు. వాడు తీసిండు, వానిదే. హనుమండ్లు పేరు ముందుగల రాయి. తర్వాత నీది. నాది ఎనుకకు వెట్టు." కళ్లు అతని మీదే నిలిపి జవాబు కోసం ఆగాడు. షకీలా కూడా ఆగింది.

"రాస్త" అన్నాడు కొండల్‌రావు.